పదిహేడో ప్రశ్న

పూల మార్కెట్ లొల్లిలో కాశమ్మ గొంతు ఆగి ఆగి వస్తోంది. స్వరూప ఫోను కుడి చెవికి అదుముకుని, ఎడమ చెవిని అరచేత్తో మూసుకుంది. ఒళ్లో కాశమ్మ భర్త గుండయ్య ఫారం ఉంది, దాని మీద అడ్డంగా పెన్ను.

“కాళ్ల వాపు తగ్గిందా?”

“గట్లనే ఉన్నదక్కా. ఎక్కువైతే కాలే.”

“దొడ్డికి నల్లగ పోతుండా?”

“నేనే జూసిన. మంచిగనే ఉన్నది.”

పదహారు ప్రశ్నలు అయిపోయాయి. పదిహేడోది ఫారంలో ఇలా ఉంటుంది: ‘రోగి ప్రవర్తనలో గానీ, మాటలో గానీ, జ్ఞాపకశక్తిలో గానీ మార్పు గమనించారా?’ స్వరూప దాన్ని ఏనాడూ అలా చదవలేదు. అలా చదివితే ఎవరైనా లేదనే అంటారు.

“కాశమ్మా, ఈ పదిహేను దినాలల్ల గుండయ్య నిన్ను ఎన్నడు తిట్టని తిట్టు ఏమన్న తిట్టిండా?”

అవతల బంతిపూల గంప దించమని ఎవరో అరుస్తున్నారు.

“లేదక్కా. పాత తిట్లే.”

స్వరూప ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి, తేదీ వేసి, ఫారాన్ని ఫైల్లో దోపింది.

ఆమె పనిచేసే గది పాతబస్తీలో ఒక ప్రభుత్వాసుపత్రి మెట్ల కింద ఉంది. పూర్వం ఎక్స్‌రే ఫిల్ములు దాచిన గది. కిటికీ లేదు. మూడేళ్ల కింద దాన్ని లివర్ జబ్బు అధ్యయనానికి ఇచ్చారు. లివర్ గట్టిపడిపోయిన మూడువందల పన్నెండు మంది పేర్లు అందులో ఉన్నాయి. వాళ్లలో ఎవరికి కడుపులో నీళ్లు చేరతాయి, ఎవరికి రక్తం పడుతుంది, ఎవరికి ఒంట్లో విషం మెదడుకెక్కి మతి తప్పుతుంది, ముందుగా పసిగట్టే గుర్తులు ఏమైనా ఉన్నాయా అని తెలుసుకోవడం ఆ అధ్యయనం పని. డాక్టర్ రశ్మి దానికి పెద్ద. కింద నలుగురు ఫీల్డ్ వర్కర్లు. పదిహేను రోజులకోసారి ఫోను చేయాలి, నెలకోసారి ఇంటికి వెళ్లాలి.

పోయినవాళ్ల ఫైళ్లు బీరువా అట్టడుగు అరకు దిగుతాయి. డెబ్బై దాటాయి. ఆ అర ఎవరూ తీయరు. కానీ స్వరూపకు వాళ్ల నంబర్లు వేళ్లకే గుర్తు. ఒకటి రెండుసార్లు పరధ్యానంలో నొక్కేసింది కూడా. అవతల పాత పాటే మోగింది. తండ్రి ఫోను దాచుకున్న కొడుకు అచ్చం తండ్రి గొంతుతో హలో అన్నాడు. స్వరూప మాట్లాడలేక, పెట్టేయనూలేక, అతను విసుక్కుని తనే పెట్టేసేదాకా అలాగే వింటూ నిలబడింది.

నలభై ఏడేళ్ల మనిషి. పొడుగ్గా, సన్నగా ఉంటుంది. బరువు తూచే మిషను, పొట్ట కొలిచే టేపు, ఫారాల కట్ట ఉన్న సంచీని మూడేళ్లుగా ఎడమ భుజానే మోయడం వల్ల ఆ భుజం రెండంగుళాలు కిందికి దిగింది. ఛత్రినాకలో ఒక గది ఇల్లు. అంతకుముందు ఇదే ఆసుపత్రిలో ఆయాగా చేసేది. పది పాసైందనీ, రెండు భాషలూ వచ్చనీ ఈ పనిలోకి తీసుకున్నారు.

ఆ పొద్దున లిస్టులో ఇంకో ఆరు ఫోన్లున్నాయి. షఫీఉద్దీన్ పేరు లేదు. ఆయనది వచ్చే మంగళవారం. అయినా నిన్న మూడుసార్లు చేసింది, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. స్వరూప సంచీ భుజానికి తగిలించుకుంది.

“వేరే ఇళ్లున్నాయి కదా ఇవాళ,” అన్నాడు లెక్కలు చూసే శ్రవణ్‌కుమార్, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

“తొవ్వలనే సార్,” అంది. తోవలో కాదు. ఆ సంగతి అతనికి తెలియదు.

ఫలక్‌నుమా బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, దాటేయాలని ఎంత చూసినా పోయిన నెల జహనుమాలో షఫీఉద్దీన్ ఇంట్లో జరిగింది కళ్ల ముందుకు వచ్చింది.

అంతకు వారం ముందు మీటింగు పెట్టారు. శ్రవణ్‌కుమార్ తెర మీద బొమ్మలు చూపించాడు. పదిహేడో ప్రశ్నకు ‘ఉంది’ అన్న జవాబు మిగతా ముగ్గురి దగ్గర వందకు ఎనిమిది, స్వరూప దగ్గర వందకు ఇరవై ఆరు. డాక్టర్ రశ్మి మెత్తగానే అడిగింది. “స్వరూపగారూ, ప్రశ్న అర్థమవుతోంది కదా? అనుమానాన్నంతా ఉందని రాయకూడదు. ఒకరి లెక్క తప్పితే మొత్తం అధ్యయనమే తప్పుతుంది.” ముగ్గురూ ఆమె వైపే చూశారు. ప్రశ్న అడిగే తీరులో ఉంది మేడం అనాలనుకుంది. అనకుండా తలూపింది.

ఆ తలూపుడు పట్టుకునే షఫీఉద్దీన్ ఇంటికి వెళ్లింది. ఆయన బోర్డులు రాసే మనిషి. నలభై ఏళ్లు తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ దుకాణాల పేర్లు రాశాడు. ఫ్లెక్సీలు వచ్చాక పని పోయింది, ఎప్పటి కామెర్లో లోపలే ఉండి లివర్ పోయింది. ఫారం చివర రోగి పేరు రాసే గీత ఉంటుంది. అందరూ గిలికేస్తారు. ఆయన మాత్రం కళ్లద్దాలు తుడుచుకుని మూడు భాషల్లోనూ రాసేవాడు. “మీ ఫారంల అక్షరాలకు పానం లేదు బహెన్. నా గీత ఒక్కటన్న మంచిగ ఉండనీ,” అనేవాడు. పోయిన నెల ఆ గీత మీద పేరు కిందికి జారింది. ‘ఫీ’కి గుడిదీర్ఘం లేదు. “కన్ను తగ్గింది,” అని నవ్వాడు. లోపలినుంచి ఆయన భార్య షౌకత్ బీ, “ఊకె గుస్సా చేస్తుండు ఈ నడుమ,” అంది.

పదిహేడో ప్రశ్న దగ్గర పెన్ను ‘ఉంది’ గడి మీదే ఆగింది. అనుమానాన్నంతా ఉందని రాయకూడదు. స్వరూప పెన్ను పక్కకు జరిపి ‘లేదు’ మీద టిక్కు పెట్టింది. అప్పటినుంచి ఆ టిక్కు కంట్లో నలుసై కూర్చుంది.

జహనుమాలో బస్సు దిగి సందులోకి తిరిగింది. రెండు మూడు పాత బోర్డులు ఇంకా ఆయన చేతివే. వెలిసిపోయాయి గానీ ‘ర’ తలకట్టు అలాగే వంపు తిరిగి ఉంది.

స్వరూప ఎవరి తలుపూ కొట్టదు. గొళ్లెం ముట్టుకోదు. గడప బయట నిలబడి పేరు పెట్టి పిలుస్తుంది, ఎంతసేపైనా. కొత్తవాళ్లు పొగరనుకుంటారు.

“షౌకత్ ఆపా.”

నాలుగోసారికి కోడలు ఆఫ్షీన్ తలుపు తీసింది. కళ్లు వాచి ఉన్నాయి. వెనక హాల్లో షౌకత్ బీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. స్కూలు వ్యాను నడిపే కొడుకు అర్బాజ్ పగటిపూట ఇంట్లోనే ఉన్నాడు.

“ఫోన్ ఎత్తుతలేరు. భాయ్‌సాబ్ ఎట్లున్నడు?”

ఆఫ్షీన్ అత్త వైపు చూసింది. చివరికి అర్బాజే అన్నాడు. “ఉన్నడు ఆంటీ. లోపల కమ్రాల ఉన్నడు. మేమే గడియ పెట్టినం.”

మొన్న ఆఫ్షీన్ అమ్మానాన్నలు భోజనానికి వచ్చారు. షఫీఉద్దీన్ వాళ్లను చూసి, వీళ్లెవరు, నా ఇంట్ల వీళ్లకేం పని అన్నాడు. కోడలిని చూపించి, ఈ ఆడమనిషెవరు అన్నాడు. ఇంకా ఒక మాట అన్నాడు. ఆ మాట అర్బాజ్ చెప్పలేకపోయాడు. పళ్లెం గోడకేసి కొట్టాడు. వచ్చినవాళ్లు చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయారు.

“ముప్పై ఏండ్లల్ల మా అబ్బా నోట్ల గసుంటి మాట ఇనలే. నిన్న దినమంత తలుపుకాడ నిలబడి తిట్టిండు. నేను తియ్యలే.”

“గిప్పుడు?”

“పొద్దుగాల్నుంచి సల్లవడ్డడు. పన్నడు. పండనీ అని ఇడిచిపెట్టినం.”

స్వరూప భుజం మీది సంచీ నేల మీదికి జారింది. ఆ నిశ్శబ్దం ఎలాంటిదో ఆమెకు తెలుసు.

తొమ్మిదేళ్ల కింద, మే నెలలో ఒక మధ్యాహ్నం, ఆమె తన భర్త కృష్ణయ్యను కొత్తిమీర తెమ్మని పంపింది. బస్సు డిపోలో మెకానిక్. కడుపులో నీళ్లు చేరాక తాగుడు మానేసి ఎనిమిది నెలలైంది. అంగడి రెండు సందుల అవతల. మూడు గంటలకు తిరిగొచ్చాడు. చేతిలో కొత్తిమీర లేదు, ఎవరి పిల్లదో ప్లాస్టిక్ నీళ్లసీసా ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. ఆమెను ఆమె తల్లి పేరుతో నాగమణమ్మా అని పిలిచాడు. తర్వాత ఒక పాడు మాట అన్నాడు. స్వరూప దగ్గరికి వెళ్లి నోరు వాసన చూడలేదు. ఎనిమిది నెలల నమ్మకం గంగలో కలిసిందనుకుంది. రెక్క పట్టి బయటికి నెట్టి గొళ్లెం పెట్టింది.

అతను మెట్టు మీద కూర్చుని తలుపు కొట్టాడు. విసురుగా కాదు. చుట్టపుచూపుగా వచ్చినవాడిలా, నెమ్మదిగా, మూడేసి సార్లు. “స్వరూపా, లైటెయ్యి,” అన్నాడు. బయట మెట్లు కాలిపోయే ఎండ. ఆమె బియ్యం ఏరుతూ కూర్చుంది. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. సల్లవడ్డడు, పండనీ అనుకుంది.

ఆసుపత్రిలో రెండు రోజులు కళ్లు తెరవకుండానే పోయాడు. ఒంట్లో తాగిన మందు చుక్క లేదన్నాడు డ్యూటీ డాక్టరు. అప్పుడా మాట సరిగా ఎక్కలేదు. ఆరేళ్ల తర్వాత, ఈ పనిలో చేరిన మొదటి వారం, డాక్టర్ రశ్మి బోర్డు మీద ఒక్కొక్కటే రాసింది: వేళ తప్పిన నిద్ర, గుండీలు తప్పడం, మనుషుల్ని పోల్చలేకపోవడం, ఎన్నడూ లేని కోపం, బూతులు. అడుగడుక్కీ కృష్ణయ్యే. స్వరూప ఆ పాఠమంతా నోట్సు రాసుకుంది, ఒక్క పదం వదలకుండా. ఆ రాత్రినుంచి ఇంటి తలుపు చప్పుడు మొదలైంది. గాలికే కావచ్చు. మూడేసి సార్లు.

“గడియ తియ్యి బిడ్డా,” అంది అర్బాజ్‌తో.

అతను కదలలేదు. నేలకేసి చూస్తున్నాడు. స్వరూప తనే వెళ్లింది. ఇనుప గడియ బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులూ పెట్టి లాగింది. వేలి చర్మం చీరుకుపోయింది, తెలియలేదు.

లోపల ఎండిన పెయింటు డబ్బాలు, గోడకు ఆనించిన రేకు పలకలు. చాప మీద షఫీఉద్దీన్ ఒక పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్లు సగం తెరిచి ఉన్నాయి, పచ్చగా. ఊపిరికి ముగ్గిపోయిన పండు వాసన. స్వరూప ఆయన చేతులు ముందుకు చాపి మణికట్లు పైకెత్తి పట్టి వదిలింది. రెండు అరచేతులూ పిట్ట రెక్కల్లా టపటపా కొట్టుకున్నాయి. అది విషం మెదడుకెక్కిన గుర్తు.

“భాయ్‌సాబ్, నేనెవర్ని?”

ఆయన చాలాసేపు చూశాడు. “తడి ఆరలే,” అన్నాడు నాలుక మడతపడుతూ. “బోర్డు ముట్టకుండ్రి.”

లుంగీ కింద చాప మీద తారులాంటి నల్లటి మరక. అది చూసింది స్వరూప. లోపల రక్తం పోతోందన్నమాట. ఎన్ని రోజులనుంచో.

“ఆపా, దొడ్డికి నల్లగ పోతున్నట్టు ఎన్నడన్న చెప్పిండా?”

“సిగ్గు ఆయనకు,” అంది షౌకత్ బీ. “గసుంటియి నాతోటి చెప్పడు.”

అంబులెన్సుకు అరగంట పడుతుందన్నారు. అర్బాజ్ స్కూలు వ్యాను తీసుకొచ్చి గుమ్మానికి ఆనించాడు. పక్కింటాయన స్టీరింగు పట్టాడు. పిల్లలు కూర్చునే చిన్న సీట్ల మధ్య, నేల మీద, అర్బాజ్ తండ్రి తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. షౌకత్ బీ ఆయన కాళ్లు పట్టుకుంది.

స్వరూప చార్మినార్ రోడ్డు దగ్గర వ్యాను ఆగినప్పుడు చెప్పింది.

“ఒక మాట ఇను బిడ్డా. లివర్ పనిచేయకుంటే ఒంట్ల విషం బయటికి పోదు. నెత్తికెక్కుతది. అప్పుడు మనిషి ఏమంటడో మనిషికే తెల్వదు. మీ ఆఫ్షీన్‌ను అన్న మాట మీ అబ్బాది కాదు. జబ్బుది.”

అర్బాజ్ తల ఎత్తాడు. “నిజమా ఆంటీ? నా దిల్ కోసం చెప్తున్నరా?”

“నాకు చెప్పినోళ్లు లేకుండె,” అంది స్వరూప.

అతనికి అది అర్థం కాలేదు. తండ్రి నుదుటి మీద చెమట తన కాలరుతో తుడిచాడు. ఆ తుడవడం ఆసుపత్రి గేటుదాకా ఆపలేదు.

డాక్టర్ రశ్మి మెట్లు దిగి తనే వచ్చింది. రక్తం ఎక్కించారు, గొట్టం వేసి చూశారు, కడుపు కడిగారు. మూడు గంటలప్పుడు షఫీఉద్దీన్‌కు కొంచెం తెలివి వచ్చింది. కొడుకును గుర్తుపట్టాడు. “ఆఫ్షీన్ బేటీ అన్నం తిన్నదా?” అని అడిగాడు. అర్బాజ్ తిన్నది అబ్బా అన్నాడు. అన్నం ముట్టలేదని అతనికి తెలుసు. ఫోను తీసి ఆఫ్షీన్‌కు చేసి తండ్రి చెవి దగ్గర పెట్టాడు. ఆయన ఏమన్నాడో స్వరూపకు వినపడలేదు. అవతల ఆఫ్షీన్ ఏడవడం మాత్రం వినపడింది. అది విని ఆయన కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ రక్తం పడింది. ఐదుంపావుకు పోయాడు. కొడుకు చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. షౌకత్ బీ దుప్పటి అంచు సరిచేసింది, అంతే.

శవాన్ని తీసుకెళ్లాక స్వరూప మెట్ల కింది గదికి వచ్చింది. శ్రవణ్‌కుమార్ ఇంటికి వెళ్లిపోయాడు. షఫీఉద్దీన్ ఫైలు తీసింది. మరణం, తేదీ, వేళ, కారణం నింపింది. ఆ తర్వాత ఫైలు మూయలేదు. వెనక్కి తిప్పి పోయిన నెల ఫారం తీసింది.

ఆ పనిలో ఒక పద్ధతి ఉంది. తప్పు రాస్తే రుద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరం కనపడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం చేయాలి. డాక్టరు కూడా చేయాలి. స్వరూప ‘లేదు’ దగ్గరి టిక్కు మీద గీత కొట్టింది. ‘ఉంది’ దగ్గర టిక్కు పెట్టింది. సంతకం చేసి, ఫైలు పట్టుకుని డాక్టర్ రశ్మి గదికి వెళ్లింది.

రశ్మి కొట్టేసిన టిక్కు మీద వేలు పెట్టింది.

“ఆ రోజే అనుమానం వచ్చిందా?”

“వచ్చింది మేడం. మీటింగుల గట్లంటే భయమేసి లేదని రాసిన.”

రశ్మి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“ఉంది అని రాసి ఉంటే పిలిపించేవాళ్లం. మందు పెంచేవాళ్లం. లోపల చూసేవాళ్లం,” అంది. “బతికేవాడా అంటే చెప్పలేను. నిజంగానే చెప్పలేను. భయపెట్టింది నేనే కదా.”

స్వరూప ఔననలేదు. కాదనీ అనలేదు.

“ఈ ప్రశ్న మీరు ఎలా అడుగుతారు?”

చెప్పింది. ఎన్నడూ తిట్టని తిట్టు తిట్టాడా అని అడుగుతానంది. చొక్కా తిరగేసి తొడిగాడా, తెలిసిన ఇంటికి తోవ తప్పాడా, భార్యను వేరే పేరుతో పిలిచాడా అని. రశ్మి అన్నీ కాగితం మీద రాసుకుంది.

“మూడేళ్లనుంచి ఎందుకు చెప్పలేదు స్వరూపగారూ?”

“ఎవరు అడగలే మేడం.”

రశ్మి సంతకం చేసి ఫైలు తిరిగిచ్చింది. రేపు పొద్దున మిగతా ముగ్గురినీ కూర్చోబెట్టి మీరే నేర్పండి అంది. స్వరూప సరేనంది. సంతోషమేమీ కలగలేదు. ఫైలును అట్టడుగు అరలో పెట్టడానికి నేల మీద కూర్చుంది. అర మూసి, గదికి తాళం వేసింది.

ఇంటికి వెళ్లే దారి క్యాజువాలిటీ వరండాలోంచే. నేల అప్పుడే తుడిచి ఉంది, ఫినాయిలు వాసన. పొద్దున షఫీఉద్దీన్‌ను స్ట్రెచర్ మీదికి మార్చింది గోడవారనున్న ఇనుప బెంచీ దగ్గరే. దాని కింద తడి నేల మీద ఒక జత చెప్పులున్నాయి. తుడిచే మనిషి వాటి చుట్టూ తుడిచి వదిలేసింది. స్వరూప దాటబోయి ఆగింది. మోకాళ్ల మీద వంగి చూసింది. గదిలో పెట్టకముందే ఆయన తనంతట తనే వీటిని తొడుక్కుని ఉంటాడు, తల ఒకరు, కాళ్లు ఒకరు పట్టుకుని వ్యానెక్కించిన హడావిడిలో ఎవరూ పట్టించుకోలేదు.

ఎడమకాలిది అరిగిపోయిన గోధుమరంగు తోలుచెప్పు, పట్టీ మీద ఎండిన ఎర్ర పెయింటు చుక్కలు. కుడికాలిది నల్లది, కొత్తది, రెండు సైజులు పెద్దది, అర్బాజ్‌ది.